రాజీ కాగితంలో ఉండని కారణం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఫ్యామిలీ కోర్టుల్లో పనిచేస్తున్న కౌన్సెలర్లకు,



మీ గది బయట బెంచీ మీద ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునే వకీళ్లలో నేనొకదాన్ని. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షను ప్రకారం ఈ కోర్టుల్లో వకీలు ఉండటం కక్షిదారు హక్కు కాదు. జడ్జిగారు ఒప్పుకుంటే ఉంటాం. మీ గదిలోకైతే రాం. అది మంచిదే, మొగుడూ పెళ్లాలు మనసు విప్పి మాట్లాడుకోవాల్సిన చోట మా నల్లకోట్లు లేకపోతేనే నయం. కాకపోతే లోపలికి వెళ్లే ముందూ, బయటికొచ్చాకా వాళ్లు మాతో చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. మీ రిపోర్టులోకి ఎక్కే మాటలు కొన్ని ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు వేర్వేరు కాపురాల కథల్లా ఉంటాయి. అందుకే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

పిటిషన్లలో ఏముంటుందో మీకు కంఠతా వచ్చే ఉంటుంది. కట్నం బాకీ అడిగాడు, అత్త సాధించింది, ఆడపడుచు చిచ్చు పెట్టింది, చీటికీ మాటికీ పుట్టింటికి వెళ్లిపోతుంది, జీతం చేతికివ్వడు, ఫోను వదలదు. ఇవన్నీ అబద్ధాలని నేననను, చాలావరకు జరిగినవే. అయితే కాస్త చనువు ఏర్పడ్డాక, వెంట వచ్చిన అన్నని టీ తెమ్మని పంపేసి, ఆమె గొంతు తగ్గించి అంటుంది: "మేడమ్, పెళ్లయిన దగ్గర్నుంచీ మా మధ్య ఏం లేదు." అతనైతే ఆ మాత్రం కూడా అనడు. "కొన్నాళ్లుగా ఆరోగ్యం సరిగా లేదండీ" అని కోర్టు గోడ వైపు చూస్తాడు.

ఒక జంట సంగతి చెబుతాను. ఊరు, వృత్తి, వయసులు మార్చాను. మిగతాది చాలా జంటలది. ఆయనకి నలభై ఆరు, ఎరువుల కొట్టు. ఆమెకి నలభై. పిల్లలు హాస్టల్లో. రాత్రి పదకొండు దాటితే గానీ ఇంటికి రాడని, ఫోను దాస్తాడని, ఎవరితోనో ఉన్నాడని ఆమె ఫిర్యాదు. నోరు మంచిది కాదు, అనుమానం పిశాచం, తమ్ముణ్ణి కొట్టు మీదికి పంపి పరువు తీసింది అని ఆయన ఫిర్యాదు. అసలు జరిగింది ఇది: ఆయనకి షుగరు బయటపడింది. ఆ తర్వాత ఒకటి రెండు రాత్రులు ఒళ్లు మాట వినలేదు. ఆ పైన ఆయన ప్రయత్నించడమే మానేశాడు. ఆమె నిద్రపోయాక ఇల్లు చేరేందుకు కొట్టు ఆలస్యంగా కట్టెయ్యడం అప్పుడే మొదలైంది. ఆమెకి తెలిసిందల్లా మొగుడు తనని తాకడం లేదని. ఎందుకో ఆయన చెప్పలేదు కాబట్టి ఆమెకి తోచింది ఆమె అనుకుంది. ఆయన దాన్ని గట్టిగా కాదనలేదు కూడా. చేతగాని మగాడన్న పేరు కంటే వేరే ఆడదాని వెంట తిరుగుతున్నాడన్న పేరే ఆయనకి మోయడం తేలికైంది. పెద్దల్లో పెడితే తలొంచుకుని అన్నిటికీ ఒప్పుకున్నాడు. రోజూ ఎనిమిదింటికల్లా ఇంటికి రావాలని కాగితం రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఏ గదిలో అడుగు పెట్టడానికి జంకి ఊరంతా తిరుగుతున్నాడో ఆ గదిలోకి మూడు గంటలు ముందే వెళ్లమని తీర్పు అన్నమాట. రెండు నెలలకి అదే జంట కోర్టు మెట్లెక్కింది, ఈసారి కేసుతో.

పడకింట్లో ఇబ్బంది ఉన్న జంట ఆ ఇబ్బంది గురించి పోట్లాడుకోదు. నాకు అర్థమైనంతలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. వాళ్లు మిగతా అన్నిటి గురించీ పోట్లాడుకుంటారు. డబ్బు గురించి పోట్లాడితే ఓడినా పరువు పోదు. దీని గురించి నోరు తెరిస్తే ఎవరో ఒకరి మగతనమో ఆడతనమో పోతుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఉజ్మా రెహ్మాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఈ విషయాన్నే పరిశీలించారు. మామూలు తగువుల కంటే లైంగిక విషయాల మీద మాట్లాడాల్సి వచ్చినప్పుడు తమ ఆత్మగౌరవానికే ముప్పు వస్తుందన్న భయం మనుషుల్లో ఎక్కువగా ఉంటుందని తేల్చారు. కెనడా వాళ్ల సంగతే అలా ఉంటే, పెళ్లికి ముందు రోజు దాకా ఈ సంగతుల గురించి ఒక్క మాట వినని, విన్నా సినిమాల్లో వెకిలి జోకులుగా మాత్రమే విన్న మన పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ పోట్లాటకి ఒక పద్ధతి ఉంది. ఒకరు తరుముతారు, ఒకరు తప్పుకుంటారు. "ఎందుకు మాట్లాడవు?" అని ఒకరు వెంటపడే కొద్దీ రెండోవారు టీవీ సౌండు పెంచుతారు, బాల్కనీలోకి పోతారు, "తలనొప్పిగా ఉంది" అంటారు. ఆ తప్పుకోవడం చూసి మొదటివారి గొంతు ఇంకా లేస్తుంది. కాలిఫోర్నియాలో ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ అడగడం, తప్పుకోవడం అనే చక్రాన్ని దశాబ్దాల తరబడి అధ్యయనం చేశారు. కౌన్సెలింగ్ గదిలో ఇది ఎలా కనిపిస్తుందో మీకు తెలుసు. తరిమేవారు గయ్యాళిగా కనిపిస్తారు, తప్పుకునేవారు నెమ్మదస్థులుగా కనిపిస్తారు. చాలాసార్లు తరిమేది ఆమె. దాంతో "నోరు తగ్గించుకోమ్మా" అనే సలహా ఆమెకి దక్కుతుంది. దాచింది ఆయన, తిట్లు తిన్నది ఆమె.

ఇది తలకిందులుగా జరిగే కాపురాలూ ఉన్నాయి. మన శోభనం సంగతే చూడండి. ముహూర్తం పంచాంగం చూసి పెడతారు, మంచం పూలతో నింపుతారు, తలుపు బయట వదినలూ మరదళ్లూ ఇకఇకలు. తెల్లారితే పిన్నిగారు కాఫీతో పాటు ఒక ప్రశ్న పట్టుకొస్తుంది. అలాంటి ఒక పెళ్లికూతురు ఆ రాత్రి నొప్పితో బిగుసుకుపోయింది. బలవంతాన ఆపుకున్నది కాదు, కావాలని చేసిందీ కాదు. తాకబోతే యోని చుట్టూ ఉన్న కండరాలు వాటంతటవే ముడుచుకుంటాయి. వెజైనిస్మస్ అంటారు వైద్యులు. చికిత్సకి బాగా లొంగే సమస్య. కానీ ఆ పిల్లకి దానికొక పేరుందని కూడా తెలియదు, పిన్నికి "ఊ" అని చెప్పింది. తర్వాత ఆషాఢం వచ్చింది, పుట్టింటికి వెళ్లింది. అతని సెలవు అయిపోయింది, బెంగళూరు వెళ్లాడు. కొందరు అమెరికా వెళ్తారు, భార్య వీసా వచ్చేదాకా ఏడాది గడుస్తుంది. దూరం వల్ల సమస్య కొన్నాళ్లు కనిపించదు, అందుకే ఇంకా ముదురుతుంది. ఒకచోట కాపురం పెట్టాక అతను తరిమాడు, ఆమె తప్పుకుంది. ఇంట్లో పనులు ఎక్కువైపోయాయి, ఉపవాసాలు ఎక్కువైపోయాయి. "పెళ్లికి ముందు ఎవరినో ప్రేమించి ఉంటుంది" అని అతనికి ఎవరో చెప్పారు. ఎవరో కాదు, అతని అక్కే చెప్పింది. ఇక ఆ తర్వాత గొడవలన్నీ ఆ ఊహాపురుషుడి గురించే. మధ్యలో పిల్లలు లేరని సంతాన కేంద్రాలకి తిరిగి డబ్బు పోసేవాళ్లున్నారు. అసలు కలవలేదన్న మాట ఆ డాక్టరు దగ్గరా చెప్పకుండా!

మూడో రకం జంటలు మీ దగ్గర అసలు గొడవే పడరు. "ఆయన మంచివారండీ", "ఆమె మీద నాకు కంప్లయింటు లేదండీ" అంటారు. పరస్పర అంగీకారంతో విడాకులు కావాలంటారు. ఇంత మర్యాదస్థులు ఎందుకు విడిపోతున్నారో మీకు అంతుబట్టదు. ఇద్దరూ కలిసి ఒక రహస్యాన్ని కాపాడుకుంటూ వచ్చారు. కాపురంలో మిగిలింది ఆ కాపలా ఒక్కటే.

ఇదేదో అరుదైన జబ్బని ఎవరైనా అనుకుంటే, మైసూరు వైద్యుల బృందం ఒక గ్రామీణ ప్రాంతంలో జరిపి 2015లో ప్రచురించిన సర్వే చూడాలి. ఏదో ఒక లైంగిక సమస్య ఉన్న మగవాళ్లు 21 శాతం, ఆడవాళ్లు దాదాపు 14 శాతం. అంటే ప్రతి అయిదుగురు మగవాళ్లలో ఒకరు, ఏడుగురు ఆడవాళ్లలో ఒకరు. వీళ్లంతా కోర్టుకి రారు, రానక్కర్లేదు కూడా. మరి వచ్చినవాళ్లలో ఆ వాటా ఎంత ఉండాలి? మీ రిపోర్టుల్లో ఎంత కనిపిస్తోంది?

మీరు అనేది నేనూ విన్నాను: "అడిగితే చెప్పరండీ." నిజమే, చెప్పరు. అడిగే తీరు అలా ఉంటుంది. ఆమె వైపు నలుగురు, అతని వైపు నలుగురు, మధ్యలో బల్ల, పక్క గదిలో టైపు మిషను. "సంసారం బాగానే చేస్తున్నారా?" అని అడిగితే ఎవరైనా ఏమంటారు? తలూపుతారు. ఇద్దరినీ విడివిడిగా, బంధువుల్ని వరండా చివర కూర్చోబెట్టి, మామూలు ఆరోగ్యం సంగతుల మధ్యలో అడగండి. నిద్ర పడుతుందా, ఏ మందులు వాడుతున్నారు, షుగరు ఉందా, కాన్పు తర్వాత ఒళ్లు ఎలా ఉంది, కలిసినప్పుడు నొప్పి గానీ భయం గానీ ఉంటుందా, ఆఖరుసారి ఇద్దరూ దగ్గరగా ఉన్నది ఎప్పుడు. మొదటి రోజు చెప్పకపోతే రెండో వాయిదాకి చెబుతారు. ఇది అడగదగిన విషయమే అని వాళ్లకి అర్థం కావాలి, అంతే.

మందుల గురించి ఊరికే అడగమనలేదు. డిప్రెషనుకి విరివిగా రాసే మాత్రలు కోరికని తగ్గిస్తాయి. బీపీ మాత్రల్లో కొన్ని అంగస్తంభన మీద ప్రభావం చూపిస్తాయి. ప్రసవమయ్యాక, పాలిచ్చే రోజుల్లో, ముట్లు ఆగిపోయే వయసులో ఒంట్లో తేమ తగ్గి కలయిక నొప్పిగా మారుతుంది. ఇక షుగరు నరాల్నీ రక్తనాళాల్నీ కూడా దెబ్బతీస్తుంది. పురుషాంగానికి రక్తం తీసుకెళ్లే ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి, అందుకని పూడిక తొలుత అక్కడ తెలుస్తుంది. కొన్నేళ్ల తర్వాత రాబోయే గుండె జబ్బుకి అదే ముందస్తు హెచ్చరిక కావచ్చు. ముప్పై దాటిన వాళ్లకి ప్రభుత్వమే బీపీ, షుగరు పరీక్షలు చేయిస్తోంది. ఆ కార్డు మీద ఈ ప్రశ్న ఒకటి ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. అది మీ శాఖ కాదు, సరే.

డాక్టరు దగ్గరికి వెళ్లనివాళ్లు ఊరికే ఉంటారా? ఉండరు. రైలు పట్టాల పక్క గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కదా, గుప్తరోగాలు, నరాల బలహీనత, ఫలానా లాడ్జిలో నెలకోసారి వైద్యుడు దొరుకును అని. 1954లోనే కేంద్రం ఇలాంటి ప్రకటనలని నిషేధిస్తూ చట్టం చేసింది. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటించడం నేరం. చట్టం కంటే గోడలకి ఆయుష్షు ఎక్కువైంది. సిగ్గుపడి అక్కడికీ వెళ్లని వాళ్లు మందుల షాపులో చీటీ లేకుండా అంగస్తంభన మాత్ర సిల్డెనాఫిల్ కొంటారు. గుండెనొప్పికి సార్బిట్రేటు లాంటి నైట్రేటు మాత్రలు వాడుతున్న మనిషి దాన్ని వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఇల్లాలికి తెలియకుండా, డాక్టరుకి చెప్పకుండా ఇదంతా నడుస్తుంటుంది. ఇంట్లో గొడవ మాత్రం "డబ్బులన్నీ ఏం చేస్తున్నావు?" అని. తెలుగువాళ్లకి ఈ విషయాలు నిదానంగా చెప్పినవాళ్లు లేరని కాదు. విజయవాడలో డాక్టర్ సమరం గారు దశాబ్దాల పాటు పత్రికల్లో ప్రశ్నలకి జవాబులు రాశారు. ఆ పేజీని ఇంట్లో అందరూ చదివారు, ఒకరి ముందు ఒకరు మాత్రం చదవలేదు.

ఇప్పుడు మీరు నొచ్చుకునే మాట ఒకటి. రాజీ కుదిరాక మీరు ఇచ్చే గడువు: "రెండు నెలలు కలిసి ఉండండి, గొడవలు మరచిపోయి దగ్గరవ్వండి, మంచి వార్తతో రండి." 1970లో మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు లైంగిక సమస్యల చికిత్స మీద ప్రచురించిన పుస్తకం దీనికి సరిగ్గా వ్యతిరేకం చెప్పింది. రోగి భర్తా కాదు, భార్యా కాదు, ఆ జంటే రోగి అన్నారు వాళ్లు. చికిత్స మొదలుపెట్టగానే కలయికని కొన్నాళ్లు మానుకోమన్నారు. ఒకరినొకరు ఊరికే తాకడం, ఏది బాగుందో ఏది బాగోలేదో చెప్పుకోవడం, అంతవరకే. ఈసారైనా అవుతుందో లేదో అని తనని తాను పరీక్షకుడిలా చూసుకుంటున్నంత కాలం ఒళ్లు సహకరించదు. పరీక్ష రద్దు చేస్తే ఆ భయం పోతుంది. ఇప్పటికీ ఈ పద్ధతి వాడుకలో ఉంది. మీరేమో వాయిదా తేదీ వేసి మరీ పరీక్ష పెడుతున్నారు. బయట రెండు వైపుల బంధువులు ఫలితాల కోసం ఎదురుచూస్తుంటారు.

న్యాయశాస్త్రం వైపు నుంచి చూసినా మీ చేతిలో దారి ఉంది. సమర్ ఘోష్ కేసులో 2007లో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి ఉదాహరణలు చెబుతూ, శారీరక అశక్తత గానీ సరైన కారణం గానీ లేకుండా చాలాకాలం దాంపత్యానికి నిరాకరించడాన్ని అందులో చేర్చింది. మా వకీళ్లు దాన్ని పట్టుకుని ప్రతి పిటిషన్లోనూ "నిష్కారణంగా" అని రాసేస్తారు. కారణం ఉందో లేదో వైద్యుడు చూడకుండా ఎలా తెలుస్తుంది? ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షను వైద్య నిపుణుల, సంక్షేమ నిపుణుల సాయం తీసుకోవచ్చని కోర్టుకి వీలు కల్పించింది. 11వ సెక్షను ప్రకారం కక్షిదారుల్లో ఎవరు కోరినా విచారణ ఆంతరంగికంగా జరపాలి. అంటే మీరు జడ్జిగారికి ఒక చిన్న నోట్ పెట్టి, వచ్చే వాయిదా లోపల ఇద్దరినీ జిల్లా ఆసుపత్రికి పంపమని అడగొచ్చు. ఇద్దరినీ, ఒక్కరిని కాదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే పిచ్చి ముద్ర వేశారని పారిపోతారు, అక్కడికే పంపమనడం లేదు. మొదటి మెట్టుకి ఒక ఫిజీషియను, ఒక గైనకాలజిస్టు చాలు. అవసరమైతే వాళ్లే మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. మనిషి ఎదుట నోరు పెగలనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్ నంబరు 14416 రాసివ్వండి, 2022 నుంచి పనిచేస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక భయం కూడా ఉంది, దాచుకోను. ఈ ఉత్తరం చదివి ఎవరైనా దగ్గరికి రానివ్వని ప్రతి భార్యనీ "ట్రీట్‌మెంటు"కి పంపితే నేను రాసింది పాపమే అవుతుంది. తాగొచ్చి కొట్టేవాడి పక్కన పడుకోనంటే అది జబ్బు కాదు. 2005 గృహహింస చట్టం లైంగిక హింసని హింసగానే లెక్కించింది. అలాగే ఆడవాళ్ల మీద ఆసక్తే లేని మగపిల్లాణ్ణి "పెళ్లయితే సర్దుకుంటాడు" అని ఒక ఆడపిల్లకి ముడిపెట్టిన కాపురాలు వస్తాయి. అక్కడ సర్దుబాటు చేయించబోవడం ఇద్దరికీ శిక్షే. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, సరిత కేసులో, కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం మనిషికి తన ఒంటి మీద ఉన్న హక్కుని హరించడమేనని అలా ఆదేశించడానికి వీలిచ్చే సెక్షనునే కొట్టేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షనుని నిలబెట్టింది, ఇప్పటికీ ఉంది. చట్టంగా సుప్రీంకోర్టు మాటే చెల్లుతుంది. కౌన్సెలింగ్ గదిలో మాత్రం చౌదరిగారి మాట గుర్తుంటే మంచిదని నా అభిప్రాయం.

బాగుపడినవాళ్లని కూడా చూశాను. వాళ్లేదో గొప్ప ప్రేమికులు కారు. గొడవపడటం మానలేదు, గొడవపడే చోటు మార్చుకున్నారు. ఒకామె చెప్పింది: రాత్రి మంచం మీద ఆ సంగతి ఎత్తకూడదని ఒప్పందం చేసుకున్నారట, ఆదివారం పొద్దున పిల్లలు ట్యూషనుకి వెళ్లాక వంటింట్లో మాట్లాడుకునేవాళ్లట. "నువ్వు", "నీ వల్ల" అనకుండా మాట్లాడటం మొదట్లో ఎంత కష్టమైందో నవ్వుతూ చెప్పింది. ఆయన డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోనని భీష్మించుకుంటే ఆమె వెంట వెళ్లింది. ముఖ్యంగా అత్తగారికీ అన్నగారికీ వివరాలు చెప్పడం మానేశారు. కొన్ని మాటలు బంధువుల చెవిన పడ్డాక వెనక్కి రావు. భార్యాభర్తలు మర్చిపోయినా పెళ్లిళ్లలో, పేరంటాల్లో వాళ్లు గుర్తుచేస్తూనే ఉంటారు. ఆయన ఒళ్లు పూర్తిగా మునుపటిలా అయిందా అని నేనడగలేదు. ఎరువుల కొట్టు ఆయన భార్యలా తమ్ముణ్ణి గొడవకి పంపే అవసరం ఈమెకి రాలేదు, అది తెలుసు.

విడిపోయేవాళ్లు విడిపోతారు, ఆ అవకాశం ఉండాలి కూడా. కనీసం ఎందుకు విడిపోతున్నారో వాళ్లిద్దరికైనా తెలిసి విడిపోతే, అతను రెండో పెళ్లిలో అదే భయాన్ని వెంట తీసుకెళ్లడు, ఆమె "కాపురం నిలబెట్టుకోలేనిది" అన్న పేరుతో పుట్టింటి వసారాలో మిగలదు.

చివరగా ఒక విన్నపం. మీ గదిలో చెప్పిన మాట, ఆసుపత్రి ఇచ్చిన చీటీ కేసు కట్టలోకి రాకుండా చూడండి. వచ్చిందంటే మేం ఊరుకోం. "ఎగ్జిబిట్ బి-3" అని ముద్ర వేయించి అతన్ని బోనులో నిలబెట్టి గట్టిగా చదివిస్తాం, అది మా వృత్తి. ఒక్కసారి అలా జరిగితే ఆ ఊళ్లో ఇంకే జంటా మీ ముందు నోరు తెరవదు. మీ రిపోర్టులో "వైద్య సలహా ఇచ్చాం" అన్న ముక్క చాలు. మేం ఎంత అడిగినా అంతకు మించి ఇవ్వకండి.

ఇట్లు,
మీ గది బయటి బెంచీ మీది
ఒక వకీలు